డ్యూటీ మజ్జిగ

మా ఆసుపత్రి లాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పమంటారు. మెషిన్ల గురించి, క్వాలిటీ కంట్రోల్ గురించి చెబుతానని వాళ్లు ఎదురుచూస్తారు. నేను మజ్జిగ గురించి చెబుతాను. మొదట నవ్వుతారు. తర్వాత ఎవరో ఒకరు, ముఖ్యంగా ప్లాంటు కార్మికులుండే ఖుర్సీపార్ వైపు పిల్లలుంటే, నవ్వడం ఆపేస్తారు.

మాది పార్వతీపురం వైపు ఒకప్పుడు పేరున్న కుటుంబం. దివాణం ఉండేది, దాని ముందు ఏనుగు ఉండేదట. నేను పుట్టేసరికి ఏనుగూ లేదు, దివాణమూ లేదు, మా నాన్నగారి నిటారు వెన్ను మాత్రం ఉంది. ఆయన ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో భిలాయ్ వచ్చి గుమస్తాగా చేరారు. రేషన్ క్యూలో కూడా దర్బారులో నిలబడ్డట్టే నిలబడేవారు. పిలవకుండా ఎవరింటికీ వెళ్లకూడదు, వెళ్లినా మంచినీళ్లయినా పుచ్చుకోకూడదు, ఎవరి ముందూ వంగకూడదు. ఈ నియమాలతో పెరిగినవాడు రక్తం తీసే ఉద్యోగంలో చేరడం విడ్డూరమే. మా వంశంలో రోజంతా ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకుని వంగి కూర్చున్న మొదటివాణ్ణి నేనే.

లాబ్‌లో నా పక్క బల్ల ఒక క్రైస్తవ టెక్నీషియనుది. ఆమె తాతా తండ్రీ ఇద్దరూ రైల్వే మనుషులు. పక్కనున్న రైల్వే ఊరు చరోదా నుంచి రోజూ వచ్చేది. నోరు చాలా పదును.

"రాజావారూ, జనం మెట్ల దాకా నిలబడ్డారు. పల్లకీ దిగుతారా, దించమంటారా?" అనేది పొద్దున్నే.

నేను బదులు చెప్పేవాణ్ణి కాదు. కానీ ఆమె సెలవు పెట్టిన రోజున లాబ్ బోసిపోయినట్టుండేది. ఇప్పటికీ పొద్దున్న ఆ వేళకి చెవి ఆ మాట కోసం చూస్తుంది.

మా సర్వీసు చివరి సంవత్సరాల్లో గుండె పరీక్ష ఒకటి కొత్తగా వచ్చింది. దాని పూర్తి పేరు పలకడం కష్టం. మేము క్లుప్తంగా బీఎన్‌పీ అనుకునేవాళ్లం. గుండె బలహీనపడి, దాని గోడలు సాగుతూ ఒత్తిడి పడుతున్నప్పుడు రక్తంలోకి ఒక పదార్థం వదులుతుంది. ఒత్తిడి ఎంత ఎక్కువైతే ఆ పదార్థం అంత పెరుగుతుంది. విశేషమేమిటంటే ఈ అంకె ఇవాళ్టి సంగతితో ఆగదు. మందులు వాడుతుంటే దిగిందా, ముందు ముందు కొంత నిశ్చింతగా ఉండవచ్చు. మందులు వాడినా దిగలేదా, పైగా పెరుగుతోందా, ఆ మనిషి మళ్లీ మళ్లీ ఆసుపత్రికి వస్తాడు. కొన్నాళ్లకు ఇక రాడు.

"ఇన్నాళ్లూ జరిగింది చెప్పేవాళ్లం, ఇప్పుడు జరగబోయేది చెప్పాలి. ఒక చిలకని కూడా కొనిపిస్తే సరిపోతుంది" అంది మా చరోదా ఆవిడ.

ఆ అంకె నాకు నచ్చింది. అది ఎవరి మొహమాటానికీ లొంగదు. అంకె ముందే తెలిసిన కంట్రోల్ సీరం నడిపి, అది సరిగ్గా వచ్చాకే రోగి సాంపిల్ ముట్టుకునేవాణ్ణి. నా చేతి మీదుగా వెళ్లిన అంకెను ఎవరైనా శంకిస్తే, మా నాన్నగారి మాటను శంకించినట్టే ఉండేది నాకు.

శంకించింది గుండె వార్డు డాక్టరమ్మ. ప్లాంటు కూలీల బస్తీ క్యాంప్ వన్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తాత ప్లాంటులో చేసినవాడు. పేరుకి తెలుగు కుటుంబమే గానీ నోరు తెరిస్తే సగం హిందీ. పని మాత్రం శ్రద్ధగా చేసేది. ఒక మధ్యాహ్నం తనే మెట్లు దిగి లాబ్‌కి వచ్చింది.

"అంకుల్, ఖుర్సీపార్ తాతగారి రిపోర్ట్ గురించి వచ్చాను. బ్లాస్ట్ ఫర్నేస్ రిటైర్డ్."

నాకు గుర్తే. ఎత్తయిన మనిషి. ఆయాసంతో రెండుసార్లు వార్డులో చేరాడు. చేరినప్పుడల్లా అంకె దిగింది. ఇంటికి వెళ్లి తిరిగి చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఎక్కింది. ఈసారి మునుపటికన్నా పైకి పోయింది.

"దవాయీ అన్నీ వేసుకుంటున్నారు. ఆయన వైఫ్, ఆ ఆంటీ, ఖాళీ స్ట్రిప్పులు కూడా దాచి తెచ్చి చూపిస్తారు. ఉప్పు బంద్. పాపడ్ బంద్, అచార్ బంద్, ఎండుచేప బంద్. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. కిడ్నీ ఠీక్ ఉంది. ఇంకేం మిగిలింది అంకుల్? గుండె అయిపోతోందన్నమాట. లేదా..."

"లేదా?"

"బురా మత్ మానియే, తప్పుగా అనుకోకండి. సాంపిల్ ఏమైనా బదల్ అయిందేమో అని."

మా పక్క బల్ల దగ్గర చప్పుడు ఆగిపోయింది. నేను లేచి నిలబడ్డాను.

"ఇక్కడ సాంపిల్ మారదు, డాక్టరుగారూ."

"మారదని నాకూ తెలుసు. కానీ సోమవారం ఆంటీని పిలిచి చెప్పాలి. ఇది ఆఖరి స్టేజి, ఇక ఎక్కువ రోజులు ఉండరు, ఇంటి దగ్గరే చూసుకోండి అని. చెప్పే ముందు ఇంకొక్కసారి చూడకపోతే నాకు నిద్ర పట్టదు." నా కోపం అక్కడే సగం దిగింది.

ముసలాయన మాత్రం మళ్లీ ఆసుపత్రికి రానన్నాడు. మొన్ననే కదా వచ్చానన్నాడు. అందుకని శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగాక ఐసు పెట్టె స్కూటర్‌కి కట్టుకుని నేనే బయల్దేరాను. నా చేత్తో తీసి, నా చేత్తో తెచ్చి, నా చేత్తో నడిపితే ఇక మాట్లాడేవాళ్లుండరు. నిజం చెప్పాలంటే నన్ను ఖుర్సీపార్ దాకా నడిపించింది జాలి కాదు, పంతం.

వేసవి ఎండ. ఇరుకు గల్లీ. కిరాణా కొట్టు పక్కన రెండు గదుల సొంత ఇల్లు. ముసలాయన కూలర్‌కి ఎదురుగా నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. అతను పుట్టింది మా ఎస్టేటు ఊళ్లలో ఒకదానిలో. నేనెవరో అతనికి తెలుసు.

"ఏటి బాబూ! దివానం దిగి మాయింటికే ఒచ్చీసినారు!"

"రక్తం కోసం వచ్చాను."

"మీవోలు మాయిల్లకి ఎప్పుడొచ్చినా దానికోసమే కదేటి!"

"సాల్లే, ఆ నోరు!" అని వంటగదిలోంచి అతని భార్య కసిరింది.

అతను పెద్దగా నవ్వి, ఆ నవ్వుకే ఆయాసపడి, మంచం పట్టె పట్టుకున్నాడు. ఊపిరి కుదుటపడ్డాక చెయ్యి చాపాడు. "మా తాత మీ తాతగారి పల్లకీ మోసీవోడు బాబూ. ఇప్పుడు నా సెయ్యి మీరు పట్టండి. ఇయ్యాలకి లెక్క సరిపోద్ది."

అతనన్నది అబద్ధం కాదు. వంగి నరం చూసి, నొప్పి తెలియకుండా రక్తం తీశాను. పాదాల దగ్గర వాపు కనిపించింది. వేలితో నొక్కితే గుంట పడింది. ట్యూబు మీద పేరు రాసి ఐసులో పెట్టి లేవబోతున్నాను. అతని భార్య స్టీలు గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి.

"ఎండన పడి ఒచ్చినారు. దాహం పుచ్చుకోండి బాబూ."

"వద్దమ్మా."

"ఆలు మనింట ముట్టరే, నీకు తెల్దు" అన్నాడు ముసలాయన. ఈసారి నవ్వలేదు.

ఆమె గ్లాసు అలాగే పట్టుకుని నిలబడింది. వెనక్కి తీసుకోవాలో, ఇంకోసారి అడగాలో తెలియక ఆమె చేతిలో గ్లాసు కొంచెం కిందికి దిగింది. ఆ దిగడం నేను చూడలేకపోయాను. అందుకున్నాను.

ఒక గుక్కకే నోరంతా ముడుచుకుపోయింది. చిన్నప్పుడు భీమిలిలో అల తగిలి సముద్రపు నీళ్లు మింగాను. అదే రుచి. నా ముఖం చూసి ఆమె కంగారుపడింది.

"ఉప్పు సాల్లేదేటి బాబూ?"

గ్లాసు కింద పెట్టాను. "ఇది ఆయన కూడా తాగుతాడా?"

"రోజూ తాగుతాడు. ఒక సీసాడు. ఇలగ ఎండలు ముదిరితే రెండు."

"డాక్టరుగారు ఉప్పు మానమన్నారు కదమ్మా."

"మానీసినాం బాబూ!" ఆమెకు నిజంగానే కష్టం తోచింది. "కూరలో రవ్వంత ఎయ్యను. సప్పిడి కూడు తినలేక నన్ను తిట్టని రోజు లేదు. కావాలంటే అడగండి."

"మరి ఇది?"

"ఇది ఉప్పు కాదు కదా, డూటీ మజ్జిగ."

మీలో ప్లాంటు కుటుంబాల్లో పుట్టనివాళ్లకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. బ్లాస్ట్ ఫర్నేస్ కొలిమి ముందు పనిచేసేవాళ్లకి చెమటతో ఒంట్లో ఉప్పంతా పోతుంది. పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. అందుకే ఉప్పు కలిపిన నీళ్లో మజ్జిగో తాగి తీరాలని పాత ఫోర్‌మన్లు పట్టుబట్టేవాళ్లు. హెల్మెట్ ఎలాగో, బూట్లు ఎలాగో, ఆ సీసా కూడా అలాగే. అది తిండి లెక్కలోకి రాదు, సేఫ్టీ లెక్కలోకి వస్తుంది. డాక్టరమ్మ వంటింటి గురించి అడిగింది. ఈమె వంటింటి గురించే జవాబు చెప్పింది. ఇద్దరి మాటల్లోనూ తప్పు లేదు. తాగే నీళ్లు కూడా కొలిచి ఇచ్చేదట. సీసా మాత్రం ఆ కొలతలో లేదు.

ముసలాయనకి విషయం అర్థమైంది. మొహం బిగించాడు.

"నన్ను ఇన్నాల్లు బతికించింది అదే బాబూ. అదే సంపేత్తంది అంటారేటి? నాతోటోడు ఒకడు ఉండీవోడు. ఒకనాడు సీసా మరిసిపోయి డూటీకొచ్చినాడు. కరిగిన మెటలు దిగతన్నాది. అది పారీ రన్నరు కాలవ పక్కనే కల్లు తిరిగి పడిపోనాడు. నానే కాల్లట్టుకుని ఈడ్సినాను. జుత్తు కాలిన వాసన నాకింకా ఉన్నాది. దాన్ని మానీమంటారా?"

ఫలితాలు చెప్పడం టెక్నీషియన్ పని కాదు. ట్యూబు తీసుకుని వెళ్లిపోవచ్చు, డాక్టరమ్మ సోమవారం చెబుతుంది. కానీ ఆమె గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా ముఖమే చూస్తోంది. పెళ్లయిన నాటి నుంచి షిఫ్టు షిఫ్టుకీ తనే చిలికి, తనే కలిపి, తనే సీసా కట్టి ఇచ్చింది. ఉప్పు ఎక్కువేసిన రోజున ఎక్కువ ప్రేమ చూపించానని అనుకుని ఉంటుంది.

మా అమ్మ గుర్తుకొచ్చింది. ప్లాంటువాళ్లు ఇచ్చిన సెక్టార్ క్వార్టర్‌లో, నాన్నగారి గుమస్తా జీతం మీద, వచ్చే అతిథుల కోసమని రోజూ అదనంగా బియ్యం పోసేది. అతిథులు రావడం ఏనాడో మానేశారు. ఆ అన్నం ఎవరికోసం అని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

మంచం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పిలవని ఇంట్లో కూర్చోవడం అదే మొదటిసారి.

"రిటైరైన రోజున హెల్మెట్ ఏం చేశావు?"

"ఏటి సేత్తాను? స్టోరులో ఇచ్చీసినాను."

"బూట్లు?"

"అవీ ఇచ్చీసినాను."

"ఇంట్లో హెల్మెట్ పెట్టుకుని పడుకుంటున్నావా?"

"పిచ్చోడినేటి బాబూ!"

"మరి ఇది కూడా సేఫ్టీ సామానే కదా. దీన్ని ఎందుకు ఇచ్చెయ్యలేదు? కొలిమి ముందు నీ ఒంట్లోంచి ఉప్పు బయటికి పోయేది, మజ్జిగ మళ్లీ నింపేది. ఇప్పుడు కూలర్ ముందు కూర్చున్నావు. పోవడం లేదు, నింపడం మాత్రం ఆగలేదు. ఆ ఉప్పు నీళ్లని పట్టి ఉంచుతోంది. ఆ నీళ్ల బరువంతా గుండె మోస్తోంది. మా మెషిన్‌లో కనిపిస్తున్నది ఆ బరువే."

అతను కూలర్ గడ్డి వైపు తిరిగాడు. "స్టోరోడు అడగనేదు బాబూ. అడుగుంటే ఇచ్చీసీవోన్ని" అన్నాడు. నాకు నవ్వు రాలేదు గానీ, గెలిచానని తెలిసింది.

గేటు దాకా ఆమె వచ్చింది. స్కూటర్ స్టార్టు చేయబోతుంటే హ్యాండిల్ మీద చెయ్యి వేసింది.

"నానేనా బాబూ, ఆయనకి ఇలగ సేసింది?"

"కొలిమి ముందు ఆయన సర్వీసంతా నిలబడ్డాడంటే మీ చేతి వల్లే అమ్మా. ఇప్పుడు కొలిమి లేదు. అంతే."

ఆమె తల ఊపింది. నమ్మినట్టు మాత్రం లేదు.

లాబ్‌కి తిరిగి వెళ్లి ఆ రోజే నడిపాను. అంకె మునుపటి చోటే ఉంది. ఆ పూట రెండో షిఫ్టు కూడా చేస్తున్న మా చరోదా ఆవిడ తెర వైపు చూసి, "మెషిన్ గెలిచింది రాజావారూ. మనిషి సంగతేమిటి?" అంది. మజ్జిగ సంగతి చెప్పాను. ఆమె వేళాకోళం చెయ్యలేదు. "మీరు వాళ్లింట్లో తాగారా?" అని మాత్రం అడిగింది. తాగానన్నాను. ఆమె తన పనిలో పడింది. ఆ సాయంత్రం మళ్లీ నన్ను రాజావారూ అనలేదు.

డాక్టరమ్మకి చెబితే నుదురు పట్టుకుని కూర్చుంది. "అంకుల్, మా నానా, అదే మా తాత, దగ్గర కూడా ఆ బోతల్ ఉండేది. చిన్నప్పుడు దొంగతనంగా తాగి ఉమ్మేశాను. నాకే గుర్తు రాలేదు, దేఖియే!" తర్వాత ఒక్క నిమిషం కూడా వృథా చెయ్యలేదు. సోమవారం ఆ దంపతులను పిలిపించింది. ఆఖరి స్టేజి మాట ఎత్తలేదు. ముసలాయనను కొన్నాళ్లు వార్డులో ఉంచుకుని, ఉప్పు ఆగాక నీరు తీసే మాత్రలు ఎంత తగ్గించాలో తనే రోజూ చూసి సరిచేసింది. ఉప్పు మానిపించగానే అదే మోతాదు ఇస్తే మనిషి కుప్పకూలిపోవచ్చు. అది నాకు తెలియని విద్య.

ఇంటికెళ్లాక మొదటిసారి వచ్చిన సాంపిల్‌ని నేనే నడిపాను. అంకె దిగింది. ఆ తర్వాతిసారి ఇంకా దిగింది. గుండె కొత్తదైపోలేదు, బలహీనత బలహీనతే. కానీ సోమవారం చెప్పవలసిన మాట సంవత్సరాల తరబడి వాయిదా పడింది. ముసలాయన లాబ్ కిటికీ దగ్గరికి వచ్చి, క్యూలో అందరికీ వినిపించేలా అడిగేవాడు.

"ఎంత దిగినాది బాబూ?"

"నీ పొగరు కన్నా ఎక్కువే దిగింది."

"మీది కూడా ఒకపాలి సూయించుకోండి. దిగిందో లేదో!"

క్యూ అంతా నవ్వేది. మా చరోదా ఆవిడ మరీ ఎక్కువ నవ్వేది. డాక్టరమ్మ అప్పటి నుంచి కొలుముల దగ్గర చేసి రిటైరైన ప్రతివాళ్లనీ "డ్యూటీ మజ్జిగ తాగుతారా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆశ్చర్యం లేదు, మరికొందరు దొరికారు. హిందీవాళ్లలో, ఛత్తీస్‌గఢీవాళ్లలో కూడా. వాళ్లది మజ్జిగ కాదు, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు. పేరు వేరు, లెక్క ఒకటే.

అందుకే పిల్లలూ, అంకె సరిగ్గా రావాలి. అందులో రాజీ వద్దు. ఆ అంకె ముందు జరగబోయేది చెబుతుంది, చాలావరకు నిజమే చెబుతుంది. ఎందుకు జరుగుతోందో మాత్రం దాన్ని అడిగి ప్రయోజనం లేదు. దానికోసం ఎవరో ఒకరు ఎండలో వెళ్లాలి.

నేను రిటైర్ కాబోయే ముందు ముసలాయన మళ్లీ వార్డులో చేరాడు. అంకె ఎక్కింది. కంట్రోల్ చూశాను, మళ్లీ నడిపాను, అదే వచ్చింది. ఈసారి కిడ్నీ కూడా బాగాలేదు. వార్డులో రోజులు గడుస్తున్నా దిగలేదు. ఇదివరకు వార్డులో దిగకుండా ఎప్పుడూ లేదు. దాని అర్థమేమిటో నాకు తెలుసు, డాక్టరమ్మకి తెలుసు. రిపోర్టు కంప్యూటర్‌లో వెళ్లిపోతుంది. అయినా కాగితం తీసుకుని నేనే మెట్లెక్కాను.

వార్డు బయట బల్ల మీద అతని భార్య కూర్చుని ఉంది. మనిషి బాగా చిక్కిపోయింది. నన్ను చూసి లేవబోయింది. వద్దని, పక్కనే కూర్చున్నాను. నా చేతిలో కాగితం వైపు ఆమె చూడలేదు, నా ముఖంలోకి చూసింది. ఎంత ఎక్కిందని అడగలేదు. ఎన్నాళ్లని అడగలేదు.

"ఈపాలి నా సేతిది కాదు కదా బాబూ?"

"కాదమ్మా."

"నిజిమేనా?"

"నా చేత్తో చూశాను. మీ చేతిది కాదు."

ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది. తర్వాత కొంగు సర్దుకుని లేచింది.

"అయితే సర్లెండి. లోపలికెల్తాను. ఆయన ఎదురుసూత్తంటాడు" అంది.